జిప్సీ వణుకుతుంటే క్రాసులు మార్చేముందు కోణం కొలవండి

పాత జిప్సీకో జీపుకో ఎత్తు పెంచాక, అరవై డెబ్బై స్పీడు దాటగానే సీటు కిందనుంచి గుయ్యిమని వైబ్రేషన్ మొదలైతే మన దగ్గర జరిగే తంతు దాదాపు ఒకటే. ముందు వీల్ బ్యాలెన్సింగ్, తర్వాత కొత్త టైర్లు, తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని ఇరుసుకి చేర్చే తిరిగే గొట్టం) క్రాసులు, అంటే దాని చివర్లలో వంగే కీళ్ళు, అప్పటికీ తగ్గకపోతే ఎక్కడో పాత సామాన్ల షాపులో ఇంకో షాఫ్ట్ వెతికి తెచ్చి బిగించడం, ఆఖరికి "పాత బండి సార్, అంతే" అనే మాట. ఆ మాట ఒప్పుకోలేకే ఈ పోస్టు రాస్తున్నాను. బండి పాతదైనంత మాత్రాన వణకాలని లేదు. వణుకుకి ఒక కారణం ఉంటుంది, ఎత్తు పెంచిన బండిలో ఆ కారణం చాలాసార్లు చేతిలో ఉన్న ఫోనుతో కొలిచి పట్టుకోగలిగేదే.

నాది జిప్సీ ఎంజీ413డబ్ల్యూ, పెట్రోలు. మా రొయ్యల చెరువులు ఇందుకూరుపేట మండలంలో, మైపాడు వైపు. వానలు పడితే ఆ గట్ల మీదకి మామూలు కారు వెళ్ళదు, ప్రతిదానికీ ట్రాక్టరు తీయలేం, అందుకని ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న బండి కావాలని సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. తీసుకునేటప్పటికే దానికి ఎత్తు పెంచి ఉంది, ముందూ వెనకా పొడవాటి షాకిళ్ళు (కమాను ఒక చివరని ఛాసిస్‌కి తగిలించే ఊగే లింకులు) వేసి, కమాను కట్టల్లో అదనంగా ఒక్కో పట్టీ ఎక్కించారు. వైబ్రేషన్ ఉందని పాత ఓనరు దాచకుండా చెప్పాడు. క్రాసులు మార్పించిన బిల్లులు, కొత్త టైర్ల బిల్లులు కూడా నా చేతిలో పెట్టాడు. అంత డబ్బు పోసినా ఎత్తు పెంచిన షాపువాళ్ళు గానీ, ఆ తర్వాత చూసినవాళ్ళు గానీ బండి కింద పడుకుని ఒక్క కోణమైనా కొలిచినట్టు లేదు. నిజంగా బాధేసింది.

జిప్సీ కింద ఏముందో ముందు చెప్పుకుందాం, ఎందుకంటే దీని అమరిక మిగతా బండ్లలా ఉండదు. చాలా ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి శక్తిని పంచే గేర్ల పెట్టె) గేర్‌బాక్స్ వెనకే అతికి ఉంటుంది. జిప్సీలో అది విడిగా, ఛాసిస్‌కి రబ్బరు మౌంటుల మీద బిగించి ఉంటుంది. గేర్‌బాక్స్ నుంచి దాని దాకా ఒక పొట్టి షాఫ్ట్, అక్కడినుంచి వెనక హౌసింగ్‌కి (డిఫరెన్షియల్ గేర్లు ఉండే ఇరుసు పెట్టె) ఒక షాఫ్ట్, ముందు హౌసింగ్‌కి ఒక షాఫ్ట్. మొత్తం మూడు. ఒక్కోదానికి రెండు చివర్లా రెండు క్రాసులు. అంటే వైబ్రేషన్ పుట్టడానికి మామూలు జీపు కంటే ఇక్కడ చోట్లు ఎక్కువ. ఆ రబ్బరు మౌంటులు నూనె తాగి మెత్తబడినా, చీలినా, ట్రాన్స్‌ఫర్ కేసే కదిలిపోతుంది, అప్పుడు షాఫ్ట్‌లు ఎంత బాగున్నా లాభం లేదు. 1985లో మొదలై 2019 దాకా షోరూముల్లో అమ్మిన బండి ఇది, అందుకే రోడ్డు మీద ఉన్న చాలా జిప్సీలకు ఆ రబ్బర్లు ఒక్కసారి కూడా మార్చి ఉండకపోవచ్చు. గెడ్డపారతో ట్రాన్స్‌ఫర్ కేసుని మెల్లగా ఎత్తి చూడండి, రబ్బరు లోహం నుంచి విడిపోయి ఉంటే కంటికే కనిపిస్తుంది.

ఇక అసలు పని. రెంచి పట్టుకునేముందు వైబ్రేషన్ దేన్ని బట్టి పెరుగుతోందో తెలుసుకోవాలి. బండి స్పీడుని బట్టా, ఇంజిన్ తిరిగే వేగాన్ని బట్టా, యాక్సిలరేటర్ తొక్కడాన్ని బట్టా? ఈ మూడూ విడదీస్తే సగం పని అయిపోయినట్టే. నేను తెల్లవారుజామున, లారీలు కాస్త పలచబడ్డాక, కోవూరు దాటి కావలి వైపు హైవే మీద చూశాను. వైబ్రేషన్ వచ్చే స్పీడులో ఉన్నప్పుడు ఐదో గేరులోంచి నాలుగులోకి మార్చి అదే స్పీడు పట్టి ఉంచాలి. ఇంజిన్ వేగం మారింది, బండి స్పీడు మారలేదు. వైబ్రేషన్ అలాగే ఉంటే ఇంజిను, క్లచ్చు పక్కన పెట్టేయొచ్చు. తర్వాత అదే స్పీడులో న్యూట్రల్ వేసి వదలాలి. ఇంజిన్ ఆపకూడదు, ఆపితే బ్రేకు బూస్టర్ పనిచేయదు. న్యూట్రల్‌లో కూడా అదే తీరున వణుకుతుంటే బ్యాలెన్సు సమస్య కావచ్చు: చక్రాలో, షాఫ్ట్ వంకరో, బరువు తేడానో. కాలు ఎత్తగానే బాగా తగ్గి, తొక్కగానే మళ్ళీ పెరుగుతుంటే కోణం మీద అనుమానం పెట్టుకోవాలి, ఎందుకంటే తొక్కినప్పుడు వెనక కమాను కట్టలు మెలితిరిగి హౌసింగ్ ముక్కు (షాఫ్ట్ బిగించే చివర) కాస్త పైకి లేస్తుంది, షాఫ్ట్ కోణం మారిపోతుంది. తొక్కినప్పుడు బాగుండి, కాలు ఎత్తి గేరులో దిగుతున్నప్పుడు మాత్రమే గుర్రుమంటే పినియన్ (హౌసింగ్ ముక్కులో షాఫ్ట్ తిప్పే చిన్న పళ్ళ చక్రం) బేరింగులు, డిఫరెన్షియల్ పళ్ళ మధ్య సందు కూడా చూడాలి. ఈ తేడా తెలియాలంటే రాపూరు నుంచి చిట్వేలు వెళ్ళే ఘాట్ రోడ్డు లాంటిది మంచి చోటు, ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి స్పష్టంగా తెలుస్తుంది.

వైబ్రేషన్ ఎంత వేగంగా కొట్టుకుంటోందో కూడా చాలా చెప్తుంది. 205/70 ఆర్15 టైరు ఒక చుట్టుకి సుమారు 2.1 మీటర్లు పోతుంది. 80 స్పీడంటే సెకనుకి 22 మీటర్లు, అంటే చక్రం సెకనుకి పదిన్నర చుట్లు. డిఫరెన్షియల్ నిష్పత్తి నాలుగు అనుకుంటే (మీ బండిది ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి) వెనక షాఫ్ట్ సెకనుకి 42 చుట్లు తిరుగుతుంది. క్రాసు కోణం వల్ల వచ్చే వైబ్రేషన్ మాత్రం షాఫ్ట్ ఒక్క చుట్టుకి రెండుసార్లు పుడుతుంది, అంటే సెకనుకి 84. అందుకే చక్రం తేడా అయితే దడదడమని దాదాపు లెక్కపెట్టగలిగేలా ఉంటుంది, షాఫ్ట్ బ్యాలెన్సు తేడా అయితే గుయ్యిమని హోరు, కోణం తేడా అయితే ఇంకా సన్నగా, అరికాళ్ళకి చక్కిలిగింత పెట్టేలా, అద్దం మసకబడేలా ఉంటుంది. ఫోనులో వైబ్రేషన్ కొలిచే ఆప్‌లు ఉన్నాయి, సీటు పట్టాల దగ్గర ఫోను గట్టిగా అతికించి పెడితే సెకనుకి ఎన్నో చూపిస్తాయి. కానీ ఒక జాగ్రత్త, ఫోను సెకనుకి వంద రీడింగులే తీసుకుంటుంటే యాభై దాటిన వైబ్రేషన్‌ని తప్పుగా చూపిస్తుంది. ఎన్ని తీస్తోందో ముందు ఆప్‌లో చూసుకుని నమ్మండి.

స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటూ ఫ్లోరూ వణికితే వెనక వైపు అని అందరూ అంటారు, మొత్తం మీద నిజమే. అయితే ఒక చక్రం గుంతలో పడగానే స్టీరింగ్ మొత్తం పిచ్చెత్తినట్టు అటూ ఇటూ కొట్టుకుని, బండి దాదాపు ఆపితే గానీ ఆగకపోవడం వేరే జబ్బు. అది కింగ్‌పిన్ బేరింగులు, టై రాడ్లు, క్యాస్టర్ (స్టీరింగ్ తిన్నగా నిలవడానికి కింగ్‌పిన్ వెనక్కి వాలే కోణం) వైపు వెళ్ళేది, షాఫ్ట్‌కి సంబంధం లేదు. అలా ఉంటే బండి రోడ్డెక్కించకండి.

మా వైపు ఇంకో కారణం ఉంది, దాన్ని ముందే తీసేయాలి. మట్టి. చెరువు గట్టు మీద జిగురు బురద రిమ్ము లోపలి వైపు పట్టి ఎండిపోతే, ఎంత బాగా బ్యాలెన్సింగ్ చేయించినా చక్రం వణుకుతుంది. షాఫ్ట్ మీద, ఫ్లేంజి (షాఫ్ట్‌ని బోల్టులతో బిగించే చదును బిళ్ళ) మూలల్లో కూడా అలాగే గట్టిపడుతుంది. ప్రెషర్ వాటర్‌తో బండి కింద అంతా కడిగి, ఎండబెట్టి, మళ్ళీ నడిపి చూడండి. కడిగాక షాఫ్ట్ గొట్టాన్ని చుట్టూ తడిమి చూడండి. చిన్న చిన్న ఇనుప బిళ్ళలు వెల్డ్ చేసి ఉంటాయి, అవే బ్యాలెన్సు బరువులు. ఎక్కడైనా బిళ్ళ ఊడిపోయిన మచ్చ కనిపిస్తే, లేదా రాయి తగిలి గొట్టం సొట్ట పడి ఉంటే మీ దొంగ దొరికినట్టే.

ఏ షాఫ్ట్ అనేది తేల్చడం జిప్సీలో సులువు, అందుకు ఈ బండిని మెచ్చుకోవాలి. ముందు చక్రాల ఫ్రీ వీల్ హబ్బులు (చక్రాన్ని ఇరుసుతో కలిపే, విడదీసే లాకులు) ఫ్రీలో పెట్టి టూ వీల్ డ్రైవ్‌లో నడిపితే ముందు షాఫ్ట్‌ని చక్రాలు తిప్పవు. వైబ్రేషన్ ఉంటే అది వెనక షాఫ్ట్‌దో, పొట్టి షాఫ్ట్‌దో. ఇప్పుడు హబ్బులు లాక్ చేసి టూ వీల్‌లోనే మళ్ళీ నడపండి, ముందు షాఫ్ట్ లోడు లేకుండా ఊరికే తిరుగుతుంది. ఇప్పుడే కొత్తగా వైబ్రేషన్ వస్తే ముందు షాఫ్ట్. వెనక దాన్ని రుజువు చేయాలంటే దాన్ని విప్పి పక్కన పెట్టి, హబ్బులు లాక్ చేసి, ఫోర్ హైలో ముందు చక్రాల మీదే నడపొచ్చు. వెనక ఇరుసుకి డ్రైవ్ లేదు కాబట్టి తార్రోడ్డు మీదైనా షాఫ్ట్‌లు బిగుసుకోవు. నిదానంగా మొదలుపెట్టి వైబ్రేషన్ వచ్చే స్పీడు దాకా వెళ్ళి చూస్తే చాలు. విప్పేముందు ఫ్లేంజికీ షాఫ్ట్‌కీ కలిపి పెయింటుతో గీత పెట్టడం మర్చిపోవద్దు, బిగించేటప్పుడు అదే చోటికి రావాలి. షాఫ్ట్ లేనప్పుడు గేరులో పెట్టి వదిలితే బండి ఆగుతుందన్న నమ్మకం వద్దు, చక్రాలకి రాళ్ళు పెట్టాలి. నా బండిలో వెనక షాఫ్ట్ తీయగానే వైబ్రేషన్ మాయమైంది. బిగించగానే తిరిగొచ్చింది.

బండి ఎత్తి, గేరు వేసి, కింద చూసే పద్ధతి చాలామంది చేస్తారు. చేస్తే స్టాండ్లు హౌసింగ్ కిందే పెట్టాలి. ఛాసిస్ కింద పెడితే హౌసింగ్ కిందికి వేలాడి షాఫ్ట్ కోణం పెరిగిపోతుంది, అప్పుడు కనిపించే వైబ్రేషన్ రోడ్డు మీద ఉండేది కాదు. తిరిగే షాఫ్ట్ దగ్గర లుంగీ, తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా ఏదీ ఉండకూడదు, బండి కింద మనిషి అసలే ఉండకూడదు. ఈ విషయంలో మన మెకానిక్కులు చూపించే ధైర్యం నాకు భయం.

క్రాసులు చూడటం తెలిసిందే గానీ రెండు మాటలు. షాఫ్ట్ చేత్తో పట్టుకుని మెలితిప్పితే కటక్ అంటే అరిగినట్టు. క్రాసు నాలుగు చివర్ల కప్పుల అంచుల దగ్గర ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల గ్రీజు అయిపోయి బేరింగు సూదులు ఎండిపోయాయని అర్థం. ఉప్పునీళ్ళల్లో తిరిగే మా బండ్లకు ఇది త్వరగా వస్తుంది. ఆట లేకుండా బిగుసుకుపోయిన క్రాసు కూడా వైబ్రేషన్ ఇస్తుంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. షాఫ్ట్ విప్పి క్రాసుని అన్ని వైపులా వంచి చూస్తే మధ్యలో ఎక్కడైనా పట్టేస్తుంటే అదీ చెడిపోయినట్టే. కొత్తది వేసేటప్పుడు వైస్‌లో పెట్టి నొక్కి దించాలి, సుత్తితో బాదితే షాఫ్ట్ చెవులు (కప్పులు కూర్చునే కొమ్ములు) వంగుతాయి, లోపల ఒక సూది అడ్డం పడినా కప్పు పూర్తిగా కూర్చోదు. రెండు వైపులా లాక్ రింగులు గాడిలో పూర్తిగా కూర్చోవాలి, ఒకటి మందం ఒకటి పలుచన వేస్తే క్రాసు మధ్యకి రాకుండా పక్కకి జరిగి కూర్చుంటుంది. అంటే షాఫ్ట్ మొత్తం పక్కకి జరిగినట్టే, ఇక దాన్ని ఏ బ్యాలెన్సింగూ కాపాడదు.

నా బండి క్రాసులు ఈ పరీక్షలన్నీ పాసయ్యాయి. నెల్లూరు ఆటోనగర్‌లో పాత జీపులు చేసే ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన క్రాసులు చేత్తో ఒకసారి తిప్పి వదిలేసి, దూరంగా పోయి బండిని పక్కనుంచి చూశాడు. "అబ్బయా, క్రాసులు మార్చుకుంటా పోతే డబ్బులే పోతాయి. ఆ హౌసింగు ముక్కు ఎటు చూస్తా ఉందో చూడు, ముందు దాన్ని దించాల," అన్నాడు. "ఎంత దించాలి మేస్త్రీ?" అంటే, "దాని ఎదురు ముక్కు ఎట్టా ఉంటే అట్టా," అన్నాడు. ఎదురు ముక్కు అంటే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఫ్లేంజి. ఆయన లెక్కలు చెప్పలేదు గానీ లెక్క అంతా ఆ మాటలోనే ఉంది.

ఆ లెక్క ఇది. క్రాసు వంగి ఉన్నప్పుడు, ఒక వైపు నుంచి ఒకే వేగంతో తిప్పినా రెండో వైపు ఒకే వేగంతో తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. పది డిగ్రీల కోణం ఉంటే, వంద ఉండాల్సిన చోట వేగం 98.5 నుంచి 101.5 మధ్య ఊగుతుంది. ఇరవై డిగ్రీలైతే 94 నుంచి 106 దాకా. మూడు డిగ్రీల దగ్గర ఆ ఊపు ఉందీ లేనట్టే. మరి షాఫ్ట్‌కి రెండు చివర్లా క్రాసులు ఎందుకు పెట్టారంటే, మొదటి క్రాసు పుట్టించిన ఊపుని రెండోది తీసేయాలి. అలా తీసేయాలంటే రెండు షరతులు. రెండు చివర్లా కోణాలు సమానంగా ఉండాలి, షాఫ్ట్ రెండు చివర్ల చెవులు ఒకే వరుసలో ఉండాలి. ఈ రెండిట్లో ఏది తప్పినా ఆ మిగిలిన ఊపు నేరుగా హౌసింగ్‌కి, అక్కడినుంచి మీ సీటుకి వస్తుంది.

కొలవడం ఎలాగో చెప్తాను. బండి చదునైన సిమెంటు నేల మీద, చక్రాల మీదే నిలబడి, రోజూ ఉండే బరువుతో ఉండాలి. జాకీ మీద కాదు. ఫోనులో లెవెల్ చూపించే ఆప్ చాలు, అయస్కాంతం ఉన్న డిజిటల్ యాంగిల్ గేజ్ ఉంటే ఇంకా మంచిది. ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లేంజి ముఖం మీద ఒకసారి, షాఫ్ట్ గొట్టం మీద ఒకసారి, పినియన్ ఫ్లేంజి ముఖం మీద ఒకసారి. ఫ్లేంజి ముఖం నిలువుగా ఉంటుంది కాబట్టి దాని రీడింగుని తొంభై నుంచి తీసేస్తే ఆ ఇరుసు వాలు వస్తుంది. ఫోను కవరు తీసేయండి, అంచు వంకరగా ఉండే కవర్లు ఒకటి రెండు డిగ్రీలు తినేస్తాయి. ప్రతి రీడింగూ ఫోను తిప్పి రెండోసారి తీసి సరిచూసుకోండి.

నా బండిలో వచ్చినవి: ట్రాన్స్‌ఫర్ కేసు వాలు 2 డిగ్రీలు, షాఫ్ట్ 12, పినియన్ 6. అన్నీ వెనక్కి కిందికి వాలినవే. అంటే ముందు క్రాసు దగ్గర పది డిగ్రీలు, వెనక క్రాసు దగ్గర ఆరు. నాలుగు డిగ్రీల తేడా. తేడా ఒక్కటే చూస్తే చిన్నదిగా అనిపిస్తుంది గానీ షాఫ్ట్ లెక్కలో కోణాల వర్గాలు తీయాలి. వంద లోంచి ముప్పై ఆరు పోతే అరవై నాలుగు, దాని వర్గమూలం ఎనిమిది. అంటే రెండో క్రాసు సాయం పోగా, ఎనిమిది డిగ్రీలు వంగిన ఒంటరి క్రాసుతో సమానం. ఇది మూడు లోపు ఉంటే మంచిదని షాఫ్ట్‌లు చేసేవాళ్ళ లెక్క. ఎనిమిది దగ్గర బండి వణకడంలో ఆశ్చర్యమే లేదు.

దీనికి ముందే ఒక ఆచూకీ దొరికింది. బండి వెనక మేత బస్తాలు నిండా వేసుకుని చెరువుల దగ్గరికి వెళ్ళేటప్పుడు వైబ్రేషన్ సగానికి పైగా తగ్గేది, బస్తాలు దించి ఖాళీగా వస్తే మళ్ళీ మొదలయ్యేది. బరువు పడితే కమానులు దిగి షాఫ్ట్ వాలు తగ్గుతుంది, కోణాలు రెండూ చిన్నవవుతాయి. బ్యాలెన్సు తేడా అయితే బస్తాలకి అంతగా లొంగదు. మీ బండిలో కూడా వెనక నలుగుర్ని కూర్చోబెట్టుకుంటే బాగుండి, ఒక్కరే నడిపితే వణుకుతుంటే ఈ పరీక్ష గుర్తుపెట్టుకోండి, దీనికి ఖర్చేమీ లేదు.

ముక్కు ఎందుకు లేచిందంటే పొడవాటి షాకిళ్ళ వల్ల. జిప్సీ వెనక కమానుకి షాకిల్ వెనక చివర ఉంటుంది. దాన్ని పొడవు చేస్తే ఛాసిస్‌తో పోలిస్తే కమాను వెనక చివర కిందికి దిగుతుంది, కమానుతో పాటు హౌసింగ్ తిరిగి ముక్కు పైకి లేస్తుంది. ముందు కూడా ఇదే కథ, షాకిల్ ముందు చివర ఉంటుంది కాబట్టి అక్కడ పొడవు పెంచితే క్యాస్టర్ తగ్గిపోతుంది, స్టీరింగ్ తిన్నగా నిలబడదు. షాకిల్ మార్చి ఎత్తు పెంచడం అన్నిటికన్నా చవకైన పద్ధతి, రెండు మూడు గంటల పని, అందుకే షాపులవాళ్ళు అదే చేస్తారు. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను, హైవే మీద తిరిగే బండికి పొడవు షాకిళ్ళు వేయకండి. ఎత్తు కావాలంటే కమాను కట్టలకే క్యాంబర్ (వంపు) ఎక్కించండి, లేదా సరైన కట్టలు కొనండి.

సరిచేయడానికి రెండు దారులు. ఒకటి, కమానుకీ హౌసింగ్‌కీ మధ్య ఏటవాలు ఇనుప ప్యాకింగ్ పెట్టి ముక్కు దించడం. నాలుగు డిగ్రీల తేడాకి నాలుగు డిగ్రీల ప్యాకింగ్. పెట్టేవాళ్ళు ఇనుపదే పెట్టండి, అల్యూమినియంవి బరువుకి నలిగి పగులుతాయి. సెంటర్ బోల్టు కూడా ఆ మందానికి తగ్గట్టు పొడవుది వేయాలి, దాని తల హౌసింగ్ గుంటలో పూర్తిగా కూర్చోకపోతే ఇరుసు జరిగిపోతుంది. రెండో దారి, తప్పు పుట్టిన చోటే తీసేయడం. నేను రెండోదే చేశాను. నాలుగు షాకిళ్ళూ తీసి మామూలు కొలతవి వేయించాను, గట్ల మీద బురద కోసం అదనపు పట్టీలు మాత్రం ఉంచాను. మళ్ళీ కొలిస్తే 2, 11, 2.5 వచ్చాయి. ముందు తొమ్మిది, వెనక ఎనిమిదిన్నర. పై లెక్కలో పెడితే మూడుకి కాస్త లోపలే. ముక్కు దిగినందుకు షాఫ్ట్ వాలు అనుకున్నంత తగ్గలేదు, రెండు కోణాలూ ఇంకా పెద్దవే, అందుకే తొంభై దగ్గర సన్నగా ఏదో తెలుస్తుంది. ఆ అదనపు పట్టీ తీసేస్తే అదీ పోతుందని నాకు తెలుసు. నాకు ఆ బండితో తొంభై అవసరం లేదు, గట్టు మీద ఎత్తు అవసరం ఉంది. అరవై నుంచి ఎనభై మధ్య ఇప్పుడు స్టీలు గ్లాసులో టీ పెట్టుకుని పోవచ్చు.

చెవుల వరుస సంగతి వేరేగా చెప్పాలి. కావలిలో తెలిసినవాళ్ళ జీపుకి క్రాసులు మార్చిన రోజునుంచే వైబ్రేషన్ మొదలైంది. అంతకుముందు లేదు. కోణాలు కొలిస్తే బాగానే ఉన్నాయి. చూస్తే షాఫ్ట్ రెండు ముక్కలుగా లాగి గ్రీజు పెట్టి మళ్ళీ కలిపినప్పుడు స్ప్లైన్ (రెండు ముక్కలూ ఒకదానిలో ఒకటి జారే పళ్ళ కీలు) వేరే పంటిలో కూర్చుంది, ఒక చివర చెవులు నిలువుగా ఉంటే రెండో చివరవి పక్కకి తిరిగి ఉన్నాయి. చాలా షాఫ్ట్‌ల మీద బాణం గుర్తులు ఉంటాయి, రెండూ ఎదురెదురుగా రావాలి. గుర్తులు అరిగిపోతే చెవులు వరుసలో పెట్టి మీరే సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టుకోండి. ఆ జీపుకి కొత్త సామాను ఒక్కటీ పడలేదు, విప్పి సరిగ్గా కలిపితే సరిపోయింది. అలాగే ఎత్తు పెంచిన బండిలో షాఫ్ట్ బయటికి సాగిపోయి స్ప్లైన్ లోపల కొంచెమే మిగులుతుంది, అప్పుడు ఆ కీలు దగ్గరే షాఫ్ట్ ఊగుతుంది. గట్టిగా పట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూడండి. ఊగుతుంటే ఫ్లేంజి దగ్గర స్పేసరు వేయాలి, లేదా షాఫ్ట్ పొడవు చేయించాలి.

కోణాలు, వరుస, క్రాసులు అన్నీ సరిగ్గా ఉండి ఇంకా హోరు ఉంటేనే బ్యాలెన్సింగ్ మీదకి వెళ్ళండి. లేత్ షాపులో షాఫ్ట్ పెట్టి డయల్ గేజ్‌తో వంకర చూడమంటే కాసేపట్లో తేలుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ బ్యాలెన్సింగ్ మిషన్ దగ్గర్లో దొరక్కపోతే చెన్నైకో, విజయవాడ ఆటోనగర్‌కో పంపాలి. పంపేముందు ఇంటి దగ్గర ఒక ప్రయత్నం చేయొచ్చు. వాటర్ హోసులకి వేసే స్క్రూ క్లిప్పు ఒకటి షాఫ్ట్ చివర బిగించి, చుట్టూ నాలుగు చోట్ల సుద్దతో గుర్తులు పెట్టుకుని, క్లిప్పు స్క్రూ తలని ఒక్కో గుర్తు మీదకి తిప్పి బండి నడిపి చూడాలి. ఒక చోట తగ్గి, దాని ఎదురు చోట పెరిగితే తేలిక వైపు ఎక్కడో తెలిసిపోయింది. తగ్గిన చోట అటూ ఇటూ కాస్త జరిపి ఇంకా సరిచేసుకోవచ్చు. ఎందులోనూ తేడా లేకపోతే సమస్య బరువులో లేదు, మళ్ళీ కోణాల దగ్గరికి వెనక్కి రండి.

బీచికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. మైపాడులోనో తుమ్మలపెంటలోనో ఇసుకలో ఫోర్ వీల్ వేసి, అలాగే తార్రోడ్డు ఎక్కి, మలుపుల్లో బండి పట్టేసినట్టు గుంజుతోంది, షాఫ్ట్ పోయిందేమో అని టెన్షన్ పడతారు. ఈ బండ్లలో ముందుకీ వెనక్కీ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి, ఇసుకలో జారి సర్దుకుంటాయి, తార్రోడ్డు మీద జారలేక షాఫ్ట్‌లు మెలితిరుగుతాయి. గట్టి రోడ్డెక్కేముందు టూ వీల్ వేయండి, లివర్ పట్టేస్తే కొంచెం రివర్సు వచ్చి మళ్ళీ ప్రయత్నించండి. సముద్రపు నీళ్ళు తగిలిన రోజే మంచినీళ్ళతో కింద అంతా కడిగి, క్రాసులకి గ్రీజు కొట్టండి, నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా. ఒక్క కప్పు నుంచి రాకపోయినా ఆ వైపు సూదులకి గ్రీజు అందడం లేదనే. గ్రీజు కొట్టే నిపిల్ లేని సీల్డ్ క్రాసులు కూడా అమ్ముతున్నారు, ఉప్పునీళ్ళ పక్కన ఉండేవాళ్ళు నిపిల్ ఉన్నవే అడిగి తీసుకోండి.

కమాను పని చేయించిన ప్రతిసారీ యూ బోల్టులు కొత్తవే వేయించండి, పాతవి ఒకసారి సాగాక మళ్ళీ అదే బిగువు పట్టవు. కొత్త బోల్టులు కూడా మొదటి ఐదువందల కిలోమీటర్లలో సర్దుకుని వదులవుతాయి, అప్పుడు టార్క్ రెంచితో మళ్ళీ బిగించి, ఆ రోజే ఫోను తీసి మూడు కోణాలూ ఇంకోసారి కొలిచి రాసి పెట్టుకోండి. నేను వాటిని బండి పొల్యూషన్ సర్టిఫికెట్ వెనక రాసి డాష్‌బోర్డులో పెట్టాను, మేస్త్రి మారినా అంకెలు ఉంటాయి. ఎత్తు పెంచిన జిప్సీ, జీపు ఉన్నవాళ్ళు మీ మూడు రీడింగులు, వైబ్రేషన్ మొదలయ్యే స్పీడు కింద రాస్తే నాకు తెలిసినంతలో చూసి చెప్తాను.